గిన్నె దగ్గర గుర్రుమనని కుక్కపిల్ల: ఏ పద్ధతి ఏ ఇంటికి?

రెండు నెలల కుక్కపిల్ల ఇంట్లో అడుగు పెట్టగానే సలహాలు మొదలవుతాయి. "తింటున్నప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టి కెలుకుతూ ఉండు, అప్పుడే భయం ఉంటుంది" అంటారు పెద్దవాళ్లు. "నెల రోజులు చేత్తోనే పెట్టండి" అంటాడు పిల్లను అమ్మినాయన. "తినే కుక్క జోలికి పోకూడదు, వదిలెయ్యండి" అంటుంది పక్క ఫ్లాటావిడ. ఈ మూడింటిలో మొదటిది లేని సమస్యను తెచ్చిపెడుతుంది. మిగతా రెండూ కొన్ని ఇళ్లకే సరిపోతాయి. అన్నిటికన్నా బాగా పనిచేసే పద్ధతిని వీళ్లెవరూ చెప్పలేదు.

తిండిని కాపాడుకోవాలని చూసినంత మాత్రాన అది చెడ్డ కుక్క కాదు. ఏడెనిమిది పిల్లలకు ఒకే పళ్లెంలో పెట్టినచోట వెనకబడ్డ పిల్లకు ఏమీ మిగలదు. చాలా పిల్లలు ఆ పోటీ నుంచే మన ఇంటికొస్తాయి. పైగా 3 నుంచి 14 వారాల మధ్య చూసిందేదైనా వాటికి తేలిగ్గా మామూలు విషయమైపోతుంది. మనిషి గిన్నె దగ్గరకు రావడం కూడా అలా మామూలైపోవాలంటే, తెచ్చుకున్న మొదటి నెలకన్నా మంచి సమయం దొరకదు.

## ముందు మీ పిల్ల ఏ మెట్టు మీద ఉందో చూడండి

గుర్రుమనడం మొదటి హెచ్చరిక కాదు. అంతకుముందే రెండు మూడు హెచ్చరికలు వచ్చి ఉంటాయి, మనం గమనించి ఉండం.

- ఇబ్బంది లేదు: మీరు వస్తే తలెత్తి చూస్తుంది, ఒళ్లంతా వదులుగా ఉంటుంది, మళ్లీ తాపీగా తింటుంది.
- మొదటి మెట్టు: మిమ్మల్ని చూడగానే గబగబా మింగడం మొదలుపెడుతుంది. గిన్నె మీదికి వాలుతుంది, లేదా మీకూ గిన్నెకూ మధ్య ఒళ్లు అడ్డం పెడుతుంది.
- రెండో మెట్టు: నమలడం ఆపి బిగుసుకుపోతుంది. తల కదపకుండా, కంటి తెల్లభాగం కనపడేలా ఓరగా చూస్తుంది.
- మూడో మెట్టు: పెదవి లేపి పళ్లు చూపిస్తుంది, గుర్రుమంటుంది, గాల్లో పళ్లు కొరుకుతుంది, కరుస్తుంది.

తోక ఊపుతోంది కదా అని ధీమా పడొద్దు. ఒళ్లు బిగుసుకుని తోక మాత్రం గట్టిగా, పొట్టిగా ఊగుతుంటే అది సంతోషం కాదు. కింద చెప్పే పద్ధతులు ఇబ్బంది లేని పిల్లలకూ, మొదటి మెట్టు మీదున్నవాటికీ. రెండో మెట్టు, మూడో మెట్టు మీదున్న పిల్లల సంగతి చివర్లో ఉంది.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

అసలు ప్రశ్న ఒక్కటే: మనిషి దగ్గరకొస్తే "ఏదో పోతుంది" అని పిల్లకు అర్థమవుతోందా, "ఇంకేదో వస్తుంది" అని అర్థమవుతోందా? ఏ పద్ధతినైనా ముందు దీనితో కొలవండి.

ఆ తర్వాత మీ ఇంటి సంగతి. గిన్నె పరిసరాల్లో ఎవరెవరు తిరుగుతారు? పాకే పాప ఉందా, బడికెళ్లే పిల్లలున్నారా, ఇల్లు ఊడ్చే పనమ్మాయి వస్తుందా, మోకాళ్ల నొప్పులతో వంగలేని తాతగారున్నారా? ఆ పద్ధతిని వీళ్లంతా ఒకేలా చేయగలరా? గిన్నెతో పాటు ఎముక, సాక్సు, కింద పడ్డ చపాతీ లాంటివాటికి కూడా అది పనికొస్తుందా? ఈ చివరి రెండు ప్రశ్నలూ ఎవరూ వేసుకోరు. తొలిసారి పళ్లు తగిలేది మాత్రం తరచుగా అక్కడే.

| పద్ధతి | పిల్ల నేర్చుకునేది | రోజుకు పట్టే సమయం | గిన్నె కానివాటికి | తప్పుగా చేస్తే |
|---|---|---|---|---|
| గిన్నె లాక్కోవడం, కెలకడం | మనిషి వస్తే పోతుంది | 1 నిమిషం | ఇంకా చెడగొడుతుంది | కాటు |
| చేత్తో పెట్టడం | చెయ్యి మంచిది | 15–20 నిమిషాలు | కొంతవరకే | వేళ్లు కొరకడం, గిన్నెలో తినకపోవడం |
| దాటుతూ రుచైన ముక్క వేయడం | మనిషి వస్తే లాభం | 3–5 నిమిషాలు | పనికొస్తుంది | నెమ్మదిస్తుంది, పెద్ద నష్టం లేదు |
| మార్పిడి, "ఇచ్చెయ్" | ఇస్తే ఇంకా మంచిది వస్తుంది | 5 నిమిషాలు | దీనికోసమే ఉంది | దొంగతనం ఆటవుతుంది |
| విడిగా తిననివ్వడం | ఏమీ నేర్చుకోదు, ప్రశాంతంగా తింటుంది | 0 | పనికిరాదు | గేటు తెరిచి ఉన్న రోజు ప్రమాదం |
| రోజంతా గిన్నె నింపి ఉంచడం | ఏమీ నేర్చుకోదు | 0 | పనికిరాదు | ఎంత తింటోందో తెలియదు |

## గిన్నె లాక్కోవడం, చెయ్యి పెట్టి కెలకడం

దీన్ని పక్కన పెట్టేయండి. మీరు భోంచేస్తుంటే పక్కనున్నవాళ్లు రోజూ కంచం లాగి "ఊరికే, అలవాటు కోసం" అని తిరిగిస్తుంటే నాలుగో రోజుకు మీరు కంచాన్ని మోచేత్తో అడ్డుకుంటారు. పిల్ల చేసేదీ అంతే.

ఈ సలహా "ఇంటికి నాయకుడెవరో కుక్కకు తెలియాలి" అనే పాత లెక్క నుంచి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు జూలో బంధించిన తోడేళ్లను చూసి రాసినదాన్ని జనం కుక్కలకు అంటగట్టారు. అడవిలో తోడేళ్ల గుంపంటే చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెచ్ 1999లో రాశాడు. అయినా మన దగ్గర ఆ మాట ఇంకా తిరుగుతూనే ఉంది.

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కుక్కల యజమానులను ప్రశ్నించి 2018లో ఫలితాలు ప్రచురించారు. తింటుండగా గిన్నె తీసేసే ఇళ్లలో ఈ కాపలా బుద్ధి ఎక్కువగా, తింటుండగా రుచైన ముక్కలు కలిపే ఇళ్లలో తక్కువగా కనిపించింది. సర్వే కాబట్టి ఏది కారణమో ఏది ఫలితమో దాంతో తేలదు. గుర్రుమనే కుక్క ఉన్నవాళ్లే గిన్నె తీసి "శిక్షణ" ఇస్తుండొచ్చు. అయినా నష్టం వైపే మొగ్గుతున్న పద్ధతిని ఎంచుకోవడానికి కారణం కనపడదు.

"మా కుక్కకు అలాగే చేశాం, ఏమీ కాలేదు" అనేవాళ్లుంటారు. నిజమే, మెతక స్వభావం ఉన్న పిల్లలు దీన్ని ఓర్చుకుంటాయి. మీ పిల్ల మెతకదో కాదో దాని పళ్లు మీ చేతిలో దిగాక తెలుసుకోవడం దేనికి?

## చేత్తో పెట్టడం

కొత్తగా వచ్చి బెదురుతున్న పిల్లకూ, మనిషి చెయ్యంటే ముడుచుకుపోయే పిల్లకూ ఇది మంచి మొదలు. రోజంతా అక్కర్లేదు, నెలంతా అక్కర్లేదు.

రోజుకు పెట్టాల్సిన మేత ఎంతో ప్యాకెట్ వెనక పట్టికలో బరువును, వయసును బట్టి ఉంటుంది. ఉదాహరణకు అది 240 గ్రాములనుకోండి. మూడు నెలల లోపు పిల్లకు నాలుగు పూటలు, అంటే పూటకు 60 గ్రాములు. అందులో 20 గ్రాములు చేత్తో, మిగతాది గిన్నెలో పెట్టండి.

మొదటి మూడు రోజులు అరచేయి చాచి నాలుగైదు గింజల చొప్పున పెట్టండి. వేళ్ల కొసలతో అందిస్తే వేళ్లే కొరుకుతుంది. తర్వాత మూడు రోజులు చెయ్యి ఖాళీ గిన్నెలో ఆనించి అక్కడే తిననివ్వండి. ఆ తర్వాత గింజలు గిన్నెలో వదిలి చెయ్యి తీసేయండి. పది రోజులకు గిన్నె భోజనానికి మారిపోవాలి.

చెడేది ఎక్కడంటే: పెట్టే మనిషి ఒక్కరే అయితే పిల్ల ఆ ఒక్క చేతినే నమ్ముతుంది. అమ్మ పెడితే తినే పిల్ల నాన్న వచ్చినప్పుడు బిగుసుకోవచ్చు. ఇంకొన్ని పిల్లలు రెండు వారాల తర్వాత గిన్నెను చూసి మొహం తిప్పుకుంటాయి, ముద్దలు పెట్టేదాకా తినవు. పెరుగన్నం, చికెన్ అన్నం పెట్టే ఇళ్లలో అరచేయి పద్ధతి కుదరదు. ముద్ద జారిపోతుంది, నాకడం కొరకడంగా మారుతుంది. అలాంటి ఇళ్లవాళ్లు నేరుగా తర్వాతి పద్ధతికి వెళ్లండి.

## దాటుతూ రుచైన ముక్క వేయడం

ఒక్కటే చేసే ఓపిక ఉందంటే ఇదే చేయండి.

కావాల్సింది గిన్నెలో ఉన్నదానికన్నా రుచైన తిండి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన ఎముకల్లేని చికెన్, ఉడికిన గుడ్డు, లేదా పనీర్ ముక్కలు. ఒక్కో ముక్క శనగ గింజంత చాలు, రోజుకు పది పన్నెండు. ఇలాంటి అదనపు తిళ్లన్నీ కలిపి రోజు మొత్తం శక్తిలో పదో వంతు దాటకూడదు. ఇంట్లో చేతికందినవన్నీ వేయకండి. ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం. పాయసంలోంచి ఏరిన కిస్‌మిస్ కూడా ఇందులోకే వస్తుంది. ఉడికించిన కోడి ఎముకలు సూదుల్లా చీలుతాయి.

పిల్ల తింటుండగా ఆరడుగుల దూరంలో దాటిపోతూ ఒక ముక్క గిన్నె దగ్గర పడేలా విసరండి. ఆగొద్దు, వంగొద్దు, కళ్లలోకి చూడొద్దు, "మంచి కుక్క" అని మాట్లాడనూ అక్కర్లేదు. వేసి వెళ్లిపోండి. ఒక పూటలో మూడు సార్లు చాలు.

మీరు కనపడగానే పిల్ల తలెత్తి "ఏం తెచ్చావు" అన్నట్టు చూస్తుంటే దూరం తగ్గించండి. ఆరడుగుల నుంచి మూడడుగులు, తర్వాత గిన్నె పక్కనే, తర్వాత ఒంగి గిన్నెలోనే వేయడం. ఒక్కో దశకు రెండు మూడు రోజులు పట్టొచ్చు. చివరి దశలో ఒక చేత్తో గిన్నెను తాకి, రెండో చేత్తో ముక్క వేయండి. అదీ తేలికైతే గిన్నె ఎత్తి, మంచి ముక్క వేసి, రెండు సెకన్లలో కిందపెట్టండి. ఇది మొదట తోసిపుచ్చిన పద్ధతి లాగే కనపడుతుంది. తేడా ఎక్కడంటే, ఇక్కడ గిన్నె పోయిన ప్రతిసారీ ముందుకన్నా బాగుపడి తిరిగొస్తుంది. ఇది వారానికి ఒకటి రెండు సార్లకు మించొద్దు.

సాధారణంగా జరిగే తప్పులు మూడు. ఒకటి, గిన్నెలో చికెన్ అన్నం పెట్టి పైన డ్రై ఫుడ్ గింజ వేయడం. లాభం కనపడకపోతే పాఠం లేదు. రెండు, రెండో రోజే వంగి గిన్నెలో వేయడం. పిల్ల వేగం పెంచిందంటే మీరు తొందరపడ్డారు, మళ్లీ ఆరడుగులకు వెళ్లండి. మూడు, ముక్క వేశాక నిలబడి వీపు నిమరడం. తింటున్నప్పుడు నిమిరించుకోవడం చాలా కుక్కలకు చిరాకు. లాభం వచ్చింది, వెంటే చిరాకూ వచ్చింది, లెక్క సరిపోయింది.

రెండు మూడు వారాల తర్వాత దీన్ని పూర్తిగా మానేయకండి. వారంలో రెండు మూడు పూటలు ఎప్పుడో ఒకప్పుడు వేస్తూ ఉండండి, కనీసం ఏడాది నిండేవరకు.

## మార్పిడి: "ఇచ్చెయ్"

గిన్నె దగ్గర ముత్యంలా ఉండే పిల్ల నాలుగో నెలలో ఎముక దగ్గర గుర్రుమనడం మామూలే. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు మారతాయి, నమలడం పిచ్చిగా ఉంటుంది, నోట్లో ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అందుకే దాటుతూ వేయడానికి దీన్ని జత చేయాలి.

మొదట దానికి అంతగా ఇష్టం లేని బొమ్మతో మొదలుపెట్టండి. బొమ్మ నోట్లో ఉండగా ముక్కు ముందు చికెన్ పెట్టండి. నోరు తెరవగానే "ఇచ్చెయ్" అనండి, ముక్క తిననివ్వండి, బొమ్మను తిరిగిచ్చేయండి. ఆ తిరిగివ్వడంలోనే కిటుకంతా ఉంది. పదిలో తొమ్మిది సార్లు వస్తువు తిరిగి దాని దగ్గరకే పోవాలి. నాలుగైదు రోజుల్లో పిల్ల మాట వినగానే వదలడం మొదలుపెడుతుంది. అప్పుడు మాట ముందు, ముక్క తర్వాత. ఆపై తాడు, ఆ తర్వాత నమిలే కర్ర, చివరికి బాగా ఇష్టమైనవి.

ఎంపికలో ఇబ్బంది ఇక్కడుంది: తెలివైన పిల్లలు చెప్పు ఎత్తుకొచ్చి "మార్చుకుందామా" అని నిలబడతాయి. గుర్రుమనే కుక్కకన్నా బేరమాడే కుక్క నయం. చెప్పుల స్టాండ్‌కు తలుపు పెట్టించుకోండి. వెంటపడి సోఫా కింద మూలకు తరిమి నోరు తెరవడం మాత్రం చేయొద్దు. వారం రోజులు నేర్పింది ఆ ఒక్క నిమిషంలో పోతుంది. మింగితే ప్రాణం మీదికొచ్చే వస్తువైతే వేరు. అప్పుడు ముక్కలు ఒకటి కాదు, గుప్పెడు కింద చల్లండి. చాలాసార్లు నోట్లోది దానంతటదే పడుతుంది.

## విడిగా తిననివ్వడం

ఇది నేర్పే పద్ధతి కాదు, జాగ్రత్త. ఆరేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం తప్పనిసరి. పాకే పాపకు "ముక్క వేసి వెళ్లిపో" అని చెప్పలేం. ఆ వయసు పిల్లలు గిన్నెలోని గింజ తీసి నోట్లో పెట్టుకుంటారు, వంగి కుక్కను కావలించుకుంటారు, వాళ్ల ముఖం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది.

వంటింటి గడపకు గేటు, బాల్కనీ, లేదా తలుపు వేసిన క్రేట్ (కుక్కను ఉంచే బోను). ఏదైనా సరే, రోజూ అదే చోటు. పావుగంట తర్వాత, పిల్ల బయటికొచ్చాకే గిన్నె తీయండి. సంక్రాంతికి చుట్టాల పిల్లలు పదిమంది దిగే రోజుల్లో ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేని కుక్కకు కూడా ఇదే పాటించండి.

దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే కుక్క ఏమీ నేర్చుకోదు. రెండేళ్లు గేటు వెనక తిన్న కుక్క ఒకరోజు హాల్లో కింద పడ్డ గారె ముక్క పక్కన నిలబడుతుంది, అటు నుంచి పాప వస్తుంది. కాబట్టి పాప నిద్రపోయాక పెద్దవాళ్లు దాటుతూ వేసే అభ్యాసం నడవాలి.

## మిగతావి, క్లుప్తంగా

రోజంతా గిన్నె నింపి ఉంచితే "ఎప్పుడూ ఉంటుంది కదా" అని కాపలా మానేస్తుందనేది ఆశ. డ్రై ఫుడ్ విషయంలో కొంత నిజమే, చికెన్ ముక్క దగ్గర కాదు. మన వానాకాలంలో ఆ గింజలు మెత్తబడతాయి, చీమలు పడతాయి, పిల్ల తిండి తగ్గించిందన్న సంగతి రెండు రోజుల ఆలస్యంగా తెలుస్తుంది. చిన్న పిల్లకు రెండు రోజులంటే చాలా ఎక్కువ.

గాడులున్న నెమ్మది గిన్నె ఆవురావురుమని మింగే పిల్లలకు మంచిదే. అయితే వేగంగా తినడం వేరు, కాపలా కాయడం వేరు. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు వాటికి ఆకలిని పెంచే జన్యు మార్పు ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపించారు. అలాంటి కుక్క ఎవరూ లేకపోయినా అంతే వేగంగా తింటుంది. మీరొచ్చినప్పుడే వేగం పెరుగుతోందా అన్నది చూడండి.

గిన్నె పెట్టేముందు "కూర్చో, ఆగు" అనడం మర్యాద నేర్పుతుంది, గిన్నె కింద పెట్టాక ఏం జరుగుతుందో దానికి సంబంధం లేదు. ఐదు సెకన్లు చాలు. నిమిషాల తరబడి చొంగ కార్పించడం వీడియోలకు బాగుంటుందేమో, పిల్లకు తిండి మీద ఆత్రం పెంచుతుంది.

## మీ ఇంటికి ఏది

ఒకరో ఇద్దరో పెద్దవాళ్లున్న ఫ్లాట్: మొదటి పది రోజులు ఒక పూట చేత్తో, మిగతా పూటలు దాటుతూ వేయడం. రెండో వారం నుంచి "ఇచ్చెయ్". ఇంటికొచ్చే స్నేహితులతో కూడా ఆరడుగుల నుంచి ముక్కలు వేయించండి.

చిన్న పిల్లలున్న ఇల్లు: గేటు మొదటి రోజు నుంచే. అభ్యాసం పెద్దవాళ్లది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు, పక్కన పెద్దవాళ్లు నిలబడి ఉంటే, దూరం నుంచి ముక్క విసరొచ్చు. గిన్నె ముట్టుకోవద్దు.

పెద్దవాళ్లు, పనివాళ్లు తిరిగే ఇల్లు: ముక్కల డబ్బా గిన్నె దగ్గరి గోడకు, నిలబడి అందుకునే ఎత్తులో పెట్టండి. వంగలేని తాతగారికి ఇది చాలా తేలిక, విసిరి వెళ్లిపోవడమే. చీపురుతో గిన్నె కింద ఊడ్చే పని పిల్ల తిన్నాకే.

ఇంట్లో ఇంకో కుక్క ఉంటే: వేర్వేరు గదులు, తలుపు వేసి. రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి "సర్దుకుంటాయి" అని చూడొద్దు. గిన్నెలు రెండూ తీశాకే తలుపులు తెరవాలి. కుక్కకూ కుక్కకూ మధ్య కాపలా, మనిషి మీద కాపలా ఒకటి కావు. ఒకటి లేనంత మాత్రాన రెండోది లేదని కాదు.

వీధి నుంచి తెచ్చిన పిల్ల: ఆకలి చూసిన పిల్ల ఇది. ముందు పశువైద్యుడి దగ్గర నులిపురుగుల మందు వేయించండి. కడుపులో పురుగులుంటే ఎంత పెట్టినా ఆత్రం తగ్గకపోవచ్చు. రోజుకు నాలుగైదు చిన్న పూటలు, రోజూ అదే వేళకు. చేత్తో పెట్టడం మొదట్లో వద్దు, వేళ్లు పోతాయి. పదడుగుల నుంచి విసరడంతో మొదలుపెట్టండి, వారం పాటు దూరం తగ్గించకపోయినా ఫరవాలేదు.

## ఇప్పటికే గుర్రుమంటుంటే

గుర్రుమన్నందుకు కొట్టొద్దు, అరవొద్దు, మెడ పట్టి నేలకు అదమొద్దు. గుర్రు అంటే "దూరంగా ఉండు" అన్న హెచ్చరిక. దాన్ని నోరు మూయిస్తే తర్వాతిసారి హెచ్చరిక లేకుండా కరవొచ్చు. ఆ క్షణానికి వెనక్కి జరగండి. "ఇలా వెనక్కి తగ్గితే అదే గెలిచినట్టు కాదా" అని అడుగుతారు. అది పోటీ కాదు, మీకు దూరం ఎంత ఉండాలో అది చెప్పింది, అంతే. తర్వాతి పూట ఆ దూరానికి ఇంకో మూడడుగులు కలిపి అక్కడి నుంచి ముక్కలు వేయడం మొదలుపెట్టండి.

నిన్నటిదాకా బాగున్న పిల్ల ఉన్నట్టుండి ఇలా చేస్తే నొప్పి ఉందేమో చూపించండి. పళ్లు, చెవులు, కడుపు. ఒంట్లో బాగాలేదని తేలకపోతే, రెండు వారాల్లో మార్పు రాకపోతే, లేదా బిగుసుకోవడం ఎముకల నుంచి సోఫా దాకా, మనుషుల దాకా పాకుతుంటే ట్రెయినర్ కావాలి. ఫోన్లోనే ఒక ప్రశ్న అడగండి: "గిన్నె దగ్గర గుర్రుమంటే మీరేం చేస్తారు?" చైను బిగిస్తాననో, నాయకుడెవరో చూపిస్తాననో అంటే ఇంకొకరిని వెతకండి.

పళ్లు దిగి రక్తం వచ్చినా, గీరుకున్నా, అది మీ ఇంటి పిల్లే అయినా, కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు డాక్టర్‌కు చూపించండి. మన దగ్గర కుక్కపిల్లలకు రేబీస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో వేస్తారు. కాబట్టి రెండు నెలల పిల్ల కరిస్తే దానికి టీకా పడలేదని ముందే చెప్పండి, టీకా కార్డు ఉంటే వెంట తీసుకెళ్లండి.